నోటీసు బాబాయి ప్రసారాలు

కొందరు నోరు తెరిస్తే పదిమంది ఆగి వింటారు. కొందరు నోరు తెరిస్తే కనీసం పక్కవాడైనా తల తిప్పుతాడు. నోటీసు బాబాయి నోరు తెరిస్తే మాత్రం ఎదుటివాళ్ళకి ఎక్కడ లేని పనులూ అప్పుడే గుర్తొస్తాయి. పొయ్యి మీద పాలుంటాయి, లోపల ఫోను మోగినట్టుంటుంది, వెనక నుంచి ఎవరో పిలిచినట్టుంటుంది. పోనీ ఆయన అబద్ధాలాడతాడా అంటే లేదు. ఒకరి మీద చాడీలు చెప్తాడా అంటే అదీ లేదు. ఆయన చెప్పేవన్నీ నిజాలే, అందరికీ పనికొచ్చేవే. జనానికి గిట్టనిది బహుశా అదేనేమో.

నీళ్ళ సరఫరా ఆఫీసులో టైపిస్టుగా చేరి, టైపిస్టుగానే రిటైరయ్యాడాయన. ఉద్యోగమంతా సర్క్యులర్లు కొట్టడంతోనే గడిచింది. “సిబ్బంది యావన్మందికీ తెలియజేయునది ఏమనగా” అని మొదలుపెట్టి, “అతిక్రమించినచో తగు చర్య తీసుకొనబడును” అని ముగించేవాడు. మధ్యలో ఏముండేదో ఆ ఆఫీసులో ఎవరూ ఎరగరు. ఒకసారి ఒళ్ళు మండి, మధ్యలో “రేపటి నుంచి సిబ్బంది అందరూ వెనక్కి నడవవలెను” అని కొట్టాడు. పైఅధికారి సంతకం పడింది, ముద్ర పడింది, కాగితం గోడకెక్కింది. ఒక్కడూ వెనక్కి నడవలేదు సరికదా, ఇదేమిటని అడిగినవాడు కూడా లేడు. చివరికి బాబాయే ఉండబట్టలేక నాలుగడుగులు వెనక్కి నడిచి, బీరువాకి గుద్దుకుని ఆగాడు.

రిటైరయ్యాక ఆయనుండే అపార్టుమెంటుకి సెక్రటరీ అయ్యాడు. ఎలా అయ్యాడంటే, ఎన్నిక జరిగిన రోజు మీటింగుకి రాని మనిషి ఆయనొక్కడే. ఇక చూసుకోండి, మెట్లన్నీ నోటీసులే. చెత్త గురించి, నీళ్ళ మోటారు గురించి, మెట్ల మీద విడిచే చెప్పుల గురించి. అన్నిటికంటే ఎక్కువగా లిఫ్టు తలుపు గురించి. తలుపు సరిగా వేయకపోతే లిఫ్టు ఏ అంతస్తులో ఉన్నది అక్కడే బిగుసుకుపోతుంది, కిందివాళ్ళు ఎంత నొక్కినా రాదు. అందుకని ప్రతి అంతస్తులోనూ “లిఫ్టు తలుపు పూర్తిగా మూయవలెను” అని అంటించాడు. ఆ కాగితం మీద ఎవరో ఇస్త్రీ బట్టల లెక్క రాసుకున్నారు. ఈ నోటీసుల పుణ్యమా అని చిన్నా పెద్దా అందరికీ ఆయన నోటీసు బాబాయి, ఆయన భార్య పిన్ని అయిపోయారు.

లిఫ్టు తలుపు గురించి బాబాయి అంత గోల చేయడానికి కారణం పిన్నే. రెండో అంతస్తు దాకా మెట్లెక్కితే పిన్నికి ఊపిరాడదు. మొదట్లో సంచి బరువుగా ఉందనేది, తర్వాత ఎండ అనేది, ఆ తర్వాత ఏ సాకూ చెప్పకుండా గోడ పట్టుకుని నిలబడడం మొదలుపెట్టింది. వీధి చివర క్లినిక్కులో డాక్టరు ఛాతీ మీద గొట్టం పెట్టి విని, పెద్దాసుపత్రికి వెళ్ళి గుండె పరీక్ష చేయించుకోమన్నాడు. “చూద్దాం లెండి” అంది పిన్ని. ఆ చూద్దాం లెండి నెలల తరబడి సాగుతూనే ఉంది. పిన్ని బజారు నుంచి వచ్చే వేళకి బాబాయి తలుపు వెనక నిలబడి, మెట్ల మీద ఆమె ఊపిరి వింటూ ఉండేవాడు. ఆయనకి భయం, ప్రాణం పోయేంత భయం. ఆ భయాన్ని బయటపెట్టడానికి ఆయనకి తెలిసిన పద్ధతి మాత్రం ఒక్కటే.

“గుండె పరీక్ష వెంటనే చేయించుకోవలెను” అనేవాడు, తలుపు తీస్తూ.

“చూద్దాం లెండి” అనేది పిన్ని, సంచి ఆయన చేతిలో పెడుతూ.

ఒక ఆదివారం అటక మీద నుంచి బక్కెట్టు దించుతూ బాబాయి మళ్ళీ అదే పాట ఎత్తుకున్నాడు. పిన్నికి విసుగొచ్చింది. అటక మీద మూలన పడున్న అట్టపెట్టె వంక చెయ్యి చూపించింది.

“మీ ఆఫీసువాళ్ళు పోతూ పోతూ అంటగట్టారు చూడండి, ఆ పెట్టె! దానికి ఏనాడైనా ప్రాణం వస్తే, అప్పుడు చూద్దాం నా గుండె సంగతి” అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆ పెట్టెలో ఉన్నది కంప్యూటరు. ఇప్పటివి కాదు, కంప్యూటరంటే ఇళ్ళల్లో టీవీకి తగిలించుకునే రోజుల నాటిది. చూడ్డానికి లావుపాటి కీబోర్డులా ఉంటుంది, దానికంటూ సొంత తెర ఉండదు. నీళ్ళ సరఫరా ఆఫీసువాళ్ళు ఎంతో ముందుచూపుతో దాన్ని కొన్నారు. ముందుచూపు కొనడంతోనే అయిపోయింది కాబట్టి పెట్టె విప్పలేదు. బాబాయి రిటైరైన రోజున స్టోర్‌కీపరు గోడగడియారం కొనడం మరచిపోయి, ఆ పెట్టెకే రంగుకాగితం చుట్టి చేతిలో పెట్టాడు.

పిన్ని విసుక్కుంటూ అన్న మాట అది. ఇంకొకరైతే నవ్వి ఊరుకునేవారు. కానీ జన్మంతా ఆజ్ఞలు టైపు కొట్టిన మనిషికి మాటంటే మాటే. బక్కెట్టు కింద పడేసి, మళ్ళీ స్టూలెక్కాడు.

ఇంట్లో రెండు టీవీలున్నాయి. పడగ్గదిలో గోడకున్న పల్చటి టీవీ పిన్నిది, సీరియళ్ళ కోసం. “దాని జోలికొచ్చారంటే మర్యాద దక్కదు” అని ముందే చెప్పేసింది. ఇక మిగిలింది ముందుగదిలోని పాత డబ్బా టీవీ. అది పని చేస్తుంది గానీ, చాలాకాలంగా పూలకుండీకి పీటగా ఉంటోంది. బాబాయి కుండీ దించి, దుమ్ము దులిపి, కంప్యూటరు వెనక నుంచి వచ్చే తీగ అందుకున్నాడు. అది పోయి టీవీకి యాంటెనా తీగ పెట్టే చోట దూరాలి. అక్కడ అప్పటికే ఇంకో తీగ ఉంది, అపార్టుమెంటు అందరిదీ.

ఈ తీగ సంగతి కొంచెం చెప్పాలి. మేడ మీద కేబులతను ఇచ్చిన కనెక్షను ఒక్కటే. దాని నుంచి దిగే తీగ ఒక వాటా ముందుగదిలోంచి దూరి, పడగ్గదిలోంచి బయటపడి, ఇంకో వాటాలోకి పోతుంది, పూసల్లోంచి దారం పోయినట్టు. ఎక్కడైనా ఊడబీకితే పిన్ని సీరియలూ పోతుంది, కింది వాటాలవాళ్ళ సీరియళ్ళూ పోతాయి. పైగా “ఉమ్మడి తీగను ఎవ్వరునూ ఊడదీయరాదు” అని నోటీసు రాసినవాడు తనే. తన నోటీసు తనైనా పాటించాలి కదా. అందుకని ఊడదీయలేదు. తీగని నడిమధ్యలో గీకి, కంప్యూటరు తీగని తీసుకొచ్చి దానికే మెలిపెట్టి, పైన నల్లటేపు చుట్టాడు. చుట్టగా చుట్టగా ఆ ముడి వంకాయంత అయింది.

తెలిసినవాళ్ళెవరైనా ఉంటే ఇక్కడే తల పట్టుకుంటారు. ఆ పాత కంప్యూటరు తన అక్షరాలని చిన్న టీవీ స్టేషనులా తీగలోకి పంపిస్తుంది. దాని తీగ ఒక్క టీవీకి పెడితే ఆ ఒక్క టీవీలోనే కనిపిస్తుంది. ఊరందరి తీగకి ముడేస్తే ఊరంతా కనిపిస్తుంది. ఇది మనిల్లు, అది పొరుగిల్లు అని తీగకేం తెలుసు? బాబాయికీ తెలియదు. టీవీ కింద చిన్న మూత తీసి, స్టేషన్లు వెతికే చక్రాన్ని అగ్గిపుల్లతో తిప్పుతూ కూర్చున్నాడు. గీతలొచ్చాయి, చుక్కలొచ్చాయి, ఎవరో వార్తలు చదువుతున్నట్టు ఒక నీడ వచ్చిపోయింది. ఉన్నట్టుండి తెరంతా నీలమైపోయింది. పైన తెల్లటి అక్షరాలు, కింద ఒక చిన్న చదరం ఆరుతూ వెలుగుతూ.

“ఇదిగో! ప్రాణమొచ్చింది!” అని కేకేశాడు.

పిన్ని వచ్చి నడుం మీద చెయ్యి పెట్టుకుని చూసింది. “ఇదేం ప్రాణమండీ, నీలం దుప్పటి ఆరేసినట్టుంది.”

“ఆ చదరం చూడు, కొట్టుకుంటోంది.”

“కొట్టుకుంటే చాలా? పలకాలి.”

బాబాయి ఊరుకుంటాడా? ఆ యంత్రంలో ఉన్నవి ఇంగ్లీషు అక్షరాలే కాబట్టి, మన మాటనే వాటితో, పిల్లలు ఫోన్లలో కొట్టుకున్నట్టు, “నేను వచ్చాను” అని కొట్టి మీట నొక్కాడు. నొక్కీ నొక్కగానే దాని కింద “సింటాక్స్ ఎర్రర్” అని పడింది.

“ఏమంటోంది?”

“నేను రాసింది తప్పంటోంది.”

“అయితే ప్రాణమే కాదు, బుద్ధి కూడా ఉంది దీనికి” అని నవ్వింది పిన్ని. ఆ నవ్వుకే ఆయాసమొచ్చి ఛాతీ మీద చెయ్యి వేసుకుంది. గుండె పరీక్ష మాట ఎత్తబోతే, “చూద్దాం లెండి, సీరియల్ మొదలైపోతుంది” అని లోపలికి పోయింది.

బాబాయి మాత్రం కదల్లేదు. తాను కొట్టింది ఎవరో చదివారు! చదివి, వెంటనే జవాబిచ్చారు! తప్పంటే తప్పన్నారు, అయితేనేం? ఆఫీసులో ఒక్కరైనా తప్పని కూడా అనలేదు కదా. యంత్రం స్విచ్చి ఆపి, కళ్ళజోడు తుడుచుకుని పెట్టెలో ఉన్న చిన్న పుస్తకం విప్పాడు. ముందు పది అని అంకె వేసి, ప్రింట్ అని, చెప్పదలచుకున్నది రాయాలి. తర్వాత ఇరవై వేసి, మళ్ళీ పదికి పొమ్మనాలి. అంతే, ఆపేదాకా అదే మాట చెప్తూనే ఉంటుంది. అలుపుండదు, విసుగుండదు, ఎవరు విన్నారా లేదా అన్న పట్టింపుండదు. ఆ యంత్రంలో బాబాయికి తోడబుట్టినవాడు కనిపించాడు. ఆప్యాయంగా దాని వీపు నిమిరి, మళ్ళీ స్విచ్చి వేసి, మొట్టమొదటి ప్రోగ్రాం రాశాడు. ఏం రాస్తాడు? లిఫ్టు తలుపు పూర్తిగా మూయవలెను.

బాబాయి అగ్గిపుల్ల ఆగిన చోటు సరిగ్గా సీరియల్ వచ్చే ఛానెల్. అపార్టుమెంటులోని టీవీలన్నిటిలో ఆ క్షణాన కోడలు అత్తగారి గది తలుపు తోయబోతోంది. తోసేలోగా తెర నీలమైపోయింది. కోడలు పోయింది, అత్తగారు పోయింది, గది పోయింది. లిఫ్టు తలుపు పూర్తిగా మూయవలెను, లిఫ్టు తలుపు పూర్తిగా మూయవలెను అని కింద నుంచి పైకి పాకుతూనే ఉంది.

“ఏమండోయ్!” అంటూ పిన్ని పరిగెత్తుకొచ్చింది. “టీవీవాళ్ళు లిఫ్టు తలుపు గురించి చెప్తున్నారండీ! సరిగ్గా మూయాలట!”

బాబాయి నోరు తెరిచాడు. ఈలోగా పిన్ని చూపు డబ్బా టీవీ మీద పడింది.

“అయ్యో, ఇందులోనూ వచ్చేసింది! చూశారా, మీ పెట్టె మాట ఎలా ఉన్నా పాత టీవీ బాగైపోయింది. అంత దూరాన ఉన్నవాళ్ళకి మన లిఫ్టు గురించి పట్టింది. మీరున్నారు ఎందుకు, ఎప్పుడైనా ఒక్క మాట చెప్పారా?”

ఆరేళ్ళుగా చెప్తున్నాను అనబోయాడు బాబాయి. అనలేదు. ఎందుకంటే మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించింది. పైవాటాలో ఉండే హెడ్డు గారు, పోలీసు ఉద్యోగం నుంచి దిగిపోయినా మీసం దిగనివ్వని మనిషి, బనీనుతోనే కిందికి వచ్చి, అంతస్తు అంతస్తునా లిఫ్టు తలుపు లాగి చూసుకుంటూ వెళ్తున్నారు. మర్నాడు పిన్ని కూరల సంచితో వచ్చేసరికి లిఫ్టు కింద సిద్ధంగా ఉంది. తలుపు వెనక నిలబడ్డ బాబాయికి మెట్ల మీద ఊపిరి వినపడలేదు. లిఫ్టు తెరుచుకోవడం, పిన్ని ఏదో కూనిరాగం తీస్తూ రావడం వినిపించింది. నిజం చెప్పేస్తే లిఫ్టు మళ్ళీ పైనే ఉండిపోతుంది. నోరు కుట్టేసుకున్నాడు.

మొదట్లో ఉద్దేశం అంతే. కానీ మనిషన్నాక, అందులోనూ పుట్టి బుద్ధెరిగాక ఎవరూ మాట వినని మనిషికి, అంతమంది ఒక్కసారిగా వింటే తలకెక్కకుండా ఎలా ఉంటుంది? సాయంత్రమయ్యేసరికి స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని కంప్యూటరు ముందు కూర్చునేవాడు. సీరియల్ మంచి పట్టులో ఉండగా మీట నొక్కేవాడు. చెత్త కవర్లు కట్టవలెను. కట్టారు. మోటారు ఆపవలెను. ఆపారు. మెట్ల మీద చెప్పులు విడవరాదు. దీంతో గగ్గోలు పుట్టింది. మెట్ల మీద చెప్పులు విడిచేది మూడో అంతస్తు లెక్చరరు ఒక్కడే. అది టీవీవాళ్ళకెలా తెలిసింది? చూస్తున్నారన్నమాట! మనం వాళ్ళని చూస్తున్నట్టే వాళ్ళూ మనల్ని చూస్తున్నారన్నమాట! ఆ రోజు నుంచి లెక్చరరు భోజనం చేసేటప్పుడు టీవీని గోడ వైపు తిప్పడం మొదలుపెట్టాడు. కింది వాటాలో బట్టలు కుట్టే దర్జీ వదిన తన టీవీకి కుచ్చుల తెర కుట్టింది, తల దువ్వుకుంటే గానీ ఆ తెర తీసేది కాదు. హెడ్డు గారు ప్రసారం వస్తే లేచి నిలబడేవారు. అది ఎంతసేపు సాగితే అంతసేపూ నిలబడేవారు.

వీళ్ళందరూ కలిసి బాబాయికి బుద్ధి చెప్పడం ఒకటి.

“చెప్పడమంటే అలా చెప్పాలండీ బాబాయి గారూ” అన్నారు హెడ్డు గారు. “సూటిగా, గట్టిగా, మళ్ళీ మళ్ళీ. మీరు ఒక కాగితం అంటించి చేతులు దులుపుకుంటారు.”

నోటీసు బోర్డు పీకేసి అక్కడ అద్దం పెట్టిద్దామన్నారు. సెక్రటరీగా బాబాయి దానికి నవ్వుతూ సంతకం పెట్టాడు.

ఇలా వెలిగిపోతున్న రోజుల్లోనూ, పిన్ని వంట చేస్తూ చేస్తూ స్టూలు మీద కూలబడడం ఆయన కంట పడుతూనే ఉంది. ఇంతమందిచేత ఇన్ని చేయించినవాడిని, అసలు పని చేయించుకోలేకపోతానా అనుకున్నాడు. ఆ సాయంత్రం ప్రసారం ఇది: మెట్లెక్కితే రొప్పు వచ్చే ఆడవారు వెంటనే గుండె పరీక్ష చేయించుకోవలెను.

పడగ్గదిలోంచి పిన్ని వచ్చింది. ముఖంలో దిగులుంది. బాబాయి ఊపిరి బిగబట్టాడు.

“పాపం, దర్జీ వదిన గురించేనండీ. మిషను తొక్కీ తొక్కీ రొప్పుతుంది. ఒక్కత్తీ భయపడుతుంది, రేపు నేను తోడెళ్ళొస్తాను.”

“మరి నీకు?”

“నాది రొప్పు కాదు కదా, కాస్త ఆయాసం.”

మర్నాడు అపార్టుమెంటు ముందు వ్యానొచ్చి ఆగింది. దర్జీ వదిన ఎక్కింది. లిఫ్టు తప్ప మెట్లెరగని లెక్చరరు భార్య ఎక్కింది. హెడ్డు గారు కూడా ఎక్కారు. ఆడవాళ్ళకే కదండీ అన్నారెవరో. “ఆర్డరంటే ఆర్డరే” అన్నారాయన. మధ్యాహ్నానికి అందరూ తిరిగొచ్చారు. అందరి గుండెలూ నిక్షేపంలా ఉన్నాయట. పెళ్ళికి వెళ్ళొచ్చినట్టు నవ్వుకుంటూ లిఫ్టులో కిక్కిరిసి పైకెళ్ళిపోయారు. చోటు చాలక పిన్ని మెట్లెక్కింది.

తలుపు వెనక బాబాయికి ఆ ఊపిరి వినిపించింది. మధ్యలో ఆగింది. మళ్ళీ వినపడలేదు. ఆయన తలుపు తీసి కిందికి పరిగెత్తాడు. మలుపు దగ్గర మెట్టు మీద కూర్చుని ఉంది పిన్ని, తల గోడకి ఆనించి. ముఖం సున్నం కొట్టినట్టుంది.

“నీ పరీక్ష ఏమైంది?”

“నేను వీళ్ళందరి సంచులూ కళ్ళజోళ్ళూ పట్టుకుని కూర్చున్నానండీ” అంది, మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకుంటూ. “ఎవరో ఒకరు పట్టుకోవాలి కదా.”

బాబాయి ఆ మెట్టు మీదే ఆమె పక్కన కూర్చుండిపోయాడు. ఊళ్ళో ఉన్న మంచి గుండెలన్నీ చూపించి, చూపించాల్సిన గుండెని అలాగే వెనక్కి తెచ్చింది మహాతల్లి. ఇక నసిగి లాభం లేదు. ఆ సాయంత్రం చొక్కా ఇస్త్రీ చేసుకోలేదు, సీరియల్ పట్టు కోసం చూడలేదు. కూర్చుంటూనే కొట్టాడు: రెండో అంతస్తు పిన్ని రేపు ఉదయం గుండె పరీక్ష చేయించుకోవలెను. పిన్ని మాత్రమే. సంచులు పట్టుకొనరాదు.

మీట నొక్కాక రెండు నిమిషాలు పట్టిందో లేదో, తలుపు దబదబ బాదారు. అపార్టుమెంటంతా గుమ్మంలో ఉంది. ఏడుపు ముఖాలతో వచ్చారనుకునేరు, సంబరంగా వచ్చారు.

“పిన్నిగారూ, మీ పేరొచ్చింది టీవీలో!” అని దర్జీ వదిన ఆవిడని కావలించుకుంది. “ఎంత అదృష్టమండీ! ఇన్నాళ్ళలో ఒక్కరి పేరైనా చెప్పారా?”

“రేపు నేనే దగ్గరుండి తీసుకెళ్తాను. తప్పించుకోవడానికి లేదు” అన్నారు హెడ్డు గారు మీసం సవరించుకుని.

పిన్ని ముఖంలో సంబరం లేదు. భయపడిపోయింది. “నా సంగతి వాళ్ళకెలా తెలుసు? నేనెవరికీ చెప్పలేదే” అంటోంది. చెయ్యి కుర్చీ కోసం వెతుకుతోంది. బాబాయి కుర్చీ జరిపాడు.

సరిగ్గా ఆ వేళకే కేబులతను దిగబడ్డాడు. సీరియల్ ఛానెల్ పక్కనున్న ఆటల ఛానెల్లో కూడా ఏదో నీలం కొడుతోందని లెక్చరరు ఎప్పుడో ఫోను చేశాడు. పిలిచినప్పుడు రాకపోవడం, రాకూడనప్పుడు రావడం కేబులతనికి అలవాటు. తీగ పట్టుకుని వాటా వాటా చూసుకుంటూ వస్తున్నాడట. జనాన్ని తప్పించుకుని ముందుగదిలోకి వచ్చాడు. వంకాయంత నల్లటి ముడిని చేత్తో ఎత్తి చూశాడు. చూసి, పకాలున నవ్వి, ఒక్క లాగు లాగాడు. డబ్బా టీవీలో నీలం పోయి చుక్కలొచ్చాయి. పడగ్గదిలోంచి సీరియల్ కోడలి ఏడుపు వినిపించింది. పై నుంచీ కింది నుంచీ కూడా అదే ఏడుపు వినిపించింది.

“ఎవరండీ బాబూ, ఇంట్లో సొంత స్టేషను పెట్టింది?” అన్నాడు కేబులతను.

అందరూ కీబోర్డు వంక చూశారు. కీబోర్డు ముందు కూర్చున్న బాబాయి వంక చూశారు. అందరికంటే ముందు హెడ్డు గారికి వెలిగింది.

“అంటే ఇదంతా నోటీసా!” అన్నారు.

ఆ మాటలో ఎంత అసహ్యమో! లంచం తీసుకున్నవాడిని కూడా ఆయన అంత చీదరగా చూసి ఉండరు. నోటీసు కోసమా నేను లేచి నిలబడింది అన్నారు. నోటీసు కోసమా నేను గుండె చూపించుకుంది అంది దర్జీ వదిన. లెక్చరరైతే మెట్ల దాకా వెళ్ళి, అందరూ చూస్తుండగా కాళ్ళకున్న చెప్పులు అక్కడే విడిచి, వట్టికాళ్ళతో పైకెక్కి పోయాడు. ఒక్కొక్కరే గొణుక్కుంటూ కదిలారు. కుర్చీలో పిన్ని ఎలా ఉందని అడిగినవాళ్ళు లేరు. టీవీ చెప్తేనే ఆవిడకి జబ్బు, బాబాయి చెప్తే కాదు.

ఇల్లు ఖాళీ అయ్యాక బాబాయి తలుపేసి వచ్చాడు.

“అన్నీ మీరే కొట్టారా?” అంది పిన్ని.

“నేనే.”

“నన్ను పంపించడానికి ఊళ్ళో ఆడవాళ్ళందర్నీ ఆసుపత్రికి తోలారా?”

“హెడ్డు గారు తనంతట తానే వెళ్ళారు.”

“నాకు చెప్పొచ్చుగా.”

ఈసారి బాబాయికి నిజంగా కోపమొచ్చింది. “చెప్పలేదా? నిన్న చెప్పలేదా, మొన్న చెప్పలేదా? గొంతు పోయేలా చెప్తున్నాను కదా!”

“లిఫ్టు తలుపు గురించి చెప్పినట్టే నా గుండె గురించీ చెప్పారు” అంది పిన్ని. “ఎందుకు వెళ్ళమంటున్నారో ఏనాడైనా చెప్పారా?”

బాబాయి నిలబడిన చోటు నుంచి రెండుసార్లు వంటింటి వైపు చూశాడు, అక్కడేదో పనున్నట్టు. చెప్పాల్సిన మాట ఒకటుంది. తెలియజేయునది ఏమనగా అని మొదలయ్యే మాట కాదది.

“నాకు భయమేస్తోంది” అన్నాడు చివరికి. “నువ్వు మెట్లెక్కుతుంటే నేను తలుపు వెనక నిలబడతాను. నీ ఊపిరి ఆగితే నాదీ ఆగిపోతోంది. నువ్వు లేకపోతే నేనెవరితో మాట్లాడను?”

“అందరితోనూ మాట్లాడుతూనే ఉంటారుగా.”

“ఎవరూ వినరు.”

“నేను మాత్రం విన్నానా?”

“వినవు” అన్నాడు బాబాయి. “వినవు గానీ, జవాబు చెప్తావు.”

పిన్ని కొంగుతో ముఖం తుడుచుకుంది. “నాకూ భయమేనండీ. అందుకే వెళ్ళలేదు. వెళ్తే ఏదో ఉందంటారు. అనేదాకా లేనట్టే కదా అనుకున్నా” అంది. ఆ పూట ఇద్దరూ టీవీ పెట్టలేదు. తెల్లవారాక ఎవరో లిఫ్టు తలుపు తెరిచే ఉంచారు కాబట్టి, ఒక్కో మెట్టూ దిగి ఆటో ఎక్కారు.

ఆసుపత్రిలో తీగలంటించి చూశారు, తెర మీద చూశారు, మళ్ళీ చూశారు. డాక్టరమ్మ బయటికొచ్చింది. రక్తనాళం ఒకటి దాదాపు మూసుకుపోయిందనీ, ఇంటికి పంపే పరిస్థితి లేదనీ, ఇప్పుడే తెరవాలనీ చెప్పింది. ప్రమాదం లేదని చెప్పలేను, కానీ ఆగితే అంతకంటే ప్రమాదం అంది. చక్రాల మంచం మీద నుంచి పిన్ని, “ఇవాళ ఇంటికెళ్ళి రేపొస్తాం. చూద్దాం లెండి” అంది.

“ఆవిడ అలాగే అంటుందమ్మా” అన్నాడు బాబాయి. “మీరు మొదలుపెట్టండి.”

డాక్టరమ్మ తలూపింది. వెనక్కి తిరిగి ఏదో చెప్పింది, ఇద్దరు వచ్చి మంచం తోశారు. ఒక్కసారి చెప్పాడు, ఒక్కసారికే జరిగిపోయింది. మళ్ళీ అడగలేదు, పక్కకి చూడలేదు, ఆయన మాట మీద పిన్నిని లోపలికి తీసుకెళ్ళిపోతున్నారు. బాబాయి మంచం వెంట తలుపు దాకా వెళ్ళాడు. ఆ క్షణంలో ఎవరైనా తన మాట పెడచెవిన పెడితే బాగుండునని ఎంత అనుకున్నాడో చెప్పలేం.

“ఏమండీ, ఇక్కడే ఉండండి, ఎక్కడికీ పోకండి” అంది పిన్ని. తలుపు మూసుకుంది.

“ఉంటాను!” అన్నాడు బాబాయి. జవాబు రాలేదు. “ఇక్కడే ఉంటాను!” అన్నాడు గట్టిగా. వరండాలో జనం తిరిగి చూశారు. ఆయన ఆ మూసిన తలుపుకి ఎదురుగా నిలబడి, ఇక్కడే ఉంటాను, ఇక్కడే ఉంటాను అని అంటూనే ఉన్నాడు. కన్నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడం కూడా తెలియడం లేదు.

తలుపు కొంచెం తెరుచుకుంది. నర్సమ్మ తల బయటికి పెట్టింది.

“విన్నానని చెప్పమన్నారండీ ఆవిడ. ఇక ఆపమన్నారు.”

బాబాయి గోడ పక్కనున్న బల్ల మీద కూర్చున్నాడు.